ఐదు చేతుల చెరుకు తోట

బోధన్,
3 జూన్ 2025

చిరంజీవి వినీతకు పెద్దబాపు ముత్తన్న ఆశీర్వాదాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. మృగశిర ఇంకా రాలేదు, ఎండ తగ్గలేదు. నేను లెక్కలు రాసే ఎరువుల దుకాణంలో జనం లేరు. యూరియా వస్తుందా రాదా అని అడిగి పోయేవాళ్ళే.

నువ్వు హైదరాబాదులో కొలువులో చేరిన సంగతి మొన్న మీ నాన్న కంఠేశ్వర్ నుంచి వచ్చినప్పుడు చెప్పాడు. ఫోన్లో ఆడే ఆటలు తయారుచేసే కంపెనీ అన్నాడు. ఏ ఆట అని అడిగితే "పసిడి పొలం" అన్నాడు. ఆ మాటకు మీ పెద్దవ్వ బీడీల చాట ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. పని మధ్యలో ఆమె చాట పక్కన పెట్టడం నేను పెద్దగా చూడలేదు.

"మన పోరే ఆ కంపెనీల ఉన్నదా? ఇగ రాయి. నేను చెప్త, నువ్వు రాయి" అన్నది.

ఫోన్ చేసి చెప్పరాదా అన్నాను. ఫోన్లో అయితే తనకొక్కదానికే వినబడుతుందట, ఉత్తరమైతే నేను చదువుతుంటే తనతో కూర్చునే ఆడవాళ్ళందరూ వింటారట. నాకూ ఫోన్లో ఊ, ఆ తప్ప మాట రాదు. అందుకని ఉత్తరం. నువ్వు కూడా ఉత్తరమే రాయి.

ఆమె చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను. ఇదివరకు ఆ ఆటలో చెరుకు పొద్దున నాటితే మధ్యాహ్నం బువ్వ వేళకు కోతకు వచ్చేది. మీ కంపెనీ వాళ్ళు మార్చినాక మర్నాటికి కూడా రావడం లేదు. ఆలోపల ఒక బటన్ మెరుస్తూ ఉంటుంది, రత్నాలు కొంటే ఇప్పుడే కోయవచ్చు అని. ఆ బటన్ పెట్టింది కూడా ఎక్కడ? ఇంతకుముందు నీళ్ళ బటన్ ఉన్నచోట. అలవాటు కొద్దీ వేలు అక్కడికే పోతుంది. "గిది తెల్వక పెట్టింది గాదు, తెలిసే పెట్టిండ్రు" అని ఆమె మాట.

ఇంకొకటి పెట్టెల సంగతి. పెట్టె కొన్నాకగాని లోపల ఏముందో తెలియదట. సంతలో మూతి కట్టిన గోనెసంచి చూపి, ఇప్పి చూడకుండా కొనమంటే ఎవరైనా కొంటారా అని అడుగుతున్నది. ఎన్నో నెలలు కష్టపడి తెచ్చుకున్న ఎడ్లబండి ఇప్పుడు పాతదని మూలకు పడ్డది. కోత మధ్యలో అప్పులిచ్చే వాళ్ళ ప్రకటన వచ్చి, అది అయిపోయేదాకా కదలనివ్వదు. ఆట కొత్తగా మారిన ప్రతిసారీ ఫోన్లో జాగా చాలదంటుంది. పోయినసారి పక్కింటి త్రివేణి పెండ్లి ఫోటోలు తీసేయవలసి వచ్చింది. త్రివేణి ఏమీ అనలేదు గాని మీ పెద్దవ్వకు మనసున పట్టింది.

ఆట చేసినవాళ్ళు దాన్ని ఎన్నడైనా ఆడి చూస్తారా లేదా అని అడగమన్నది. అడిగాను. వేళకు తిను.

ఇట్లు,
మీ పెద్దబాపు

* * *

హైదరాబాద్,
14 జూన్ 2025

పెద్దబాపుకు, పెద్దవ్వకు నమస్కారాలు.

ఆఫీసుకు నా పేరు మీద ఉత్తరం వచ్చిందని చెప్తే ఏదో కోర్టు నోటీసు అనుకున్నాను. మీ చేతిరాత చూడగానే నవ్వు వచ్చింది. నా పక్కసీటు అమ్మాయి అయితే ఇన్‌లాండ్ కవరును ఫోటో తీసుకుంది.

పెద్దవ్వ పసిడి పొలం ఆడుతుందని నాకు తెలియదు. తను అడిగిన ప్రశ్నకు జవాబు: ఆడి చూస్తాం, కానీ మా దగ్గర రత్నాలు ఎన్నైనా ఉంటాయి కాబట్టి ఎదురుచూడటం ఎట్లా ఉంటుందో మాకు తెలియదు. నిజం చెప్పాలంటే ఇది నేను ఉత్తరం చదివాకే ఆలోచించాను. చెరుకు ఎంతసేపటికి పండాలి, బటన్ ఎక్కడ ఉండాలి అనేవి వేరే వాళ్ళు నిర్ణయిస్తారు. నా మాట అక్కడిదాకా పోదు. చేరి నాలుగు నెలలే కదా.

నా పని వేరు. మనుషులు కాకుండా మెషిన్లతో ఆడించే దొంగ తోటలను పట్టుకోవడం. కొందరు కంప్యూటర్ పెట్టి రాత్రింబవళ్ళు పంట తీసి, ఆ ఖాతాలు అమ్ముకుంటారు. ఇట్లాంటివాటిని గుర్తుపట్టే పద్ధతి ఒకటి నేను సొంతంగా రాశాను. మా మేనేజర్ మీటింగ్‌లో నా పేరు చెప్పి మెచ్చుకున్నాడు. మొదట ఎక్కడ దొరికిందో తెలుసా? మన జిల్లాలోనే. పేర్లు మాకు కనబడవు, జిల్లా మాత్రం తెలుస్తుంది. ఒక తోట, పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా ఆగదు. తిండికి ఆగదు, నీళ్ళకు ఆగదు. కాసేపు మెల్లగా, కాసేపు వేగంగా, మళ్ళీ మెల్లగా. నాలుగేళ్ళలో ఒక్క రత్నం కొనలేదు. మనిషైతే ఎక్కడో ఒకచోట మనసు ఆగక కొంటాడు. దాన్ని చూసే ఈ పద్ధతి తయారుచేశాను. వచ్చే వారం నుంచి అట్లాంటివన్నీ మూతపడతాయి. పెద్దవ్వలాగా నిజాయితీగా ఆడేవాళ్ళకు అదే మేలు. ఆమెకు చెప్పండి.

హాస్టల్ కూర చప్పగా ఉంటుంది. అమ్మ పంపిన పచ్చడితో బతుకుతున్నాను.

మీ
వినీత

* * *

బోధన్,
29 జూన్ 2025

వినీతకు,

నీ ఉత్తరం శనివారం అందింది. అంతకు రెండు రోజుల ముందే మీ పెద్దవ్వ తోటకు తాళం పడ్డది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి, ఈ ఖాతా మనిషి నడిపేది కాదని మాకు అనుమానం అని. ఫిర్యాదు బటన్ నొక్కితే మీ ఓపికకు ధన్యవాదాలు అని వస్తుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. అది కూడా మెషినే రాస్తుందని త్రివేణి చెప్పింది.

మొదటి ఉత్తరంలో నేను ఒక సంగతి రాయలేదు. దాచి కాదు, అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. ఆ తోట మీ పెద్దవ్వ ఒక్కదానిది కాదు. మా ఇంటి ముందు రేకుల కింద ఐదుగురు బీడీలు చుడతారు. సత్తవ్వ, గంగుబాయి, తారాబాయి, త్రివేణి, మీ పెద్దవ్వ. పెద్ద ఫోను ఉన్నది ఒక్కటే. అది చేతి నుంచి చేతికి కుడిపక్కకు తిరుగుతుంది. ఫోను ఎవరి చేతికి వస్తే వాళ్ళు తోటలో ఒక పని చేస్తారు. అంతసేపూ ఆమె ఎడమ పక్కన కూర్చున్నది తన ఆకు ఆపి, ఆమె చాటలోని ఆకు చుట్టి పెడుతుంది. పొలాల్లో బదులుకు పోయినట్టే. ఈ పొద్దు నీ పొలంలో నేను, రేపు నా పొలంలో నువ్వు. కార్ఖానాకు చూపవలసిన బీడీలు తగ్గవు, వేళ్ళకు కాస్త సెలవు దొరుకుతుంది. సత్తవ్వ వేళ్ళు వంకర తిరిగి ఉన్నాయి, ఆమె వంతు కొంచెం ఎక్కువసేపు ఉండనిస్తారు. ఒకరు తిననీకి లేస్తే ఇంకొకరి చేతిలో ఉంటుంది కాబట్టి తోట ఆగదు. రత్నాలు కొనలేదంటే, ఐదుగురిలో ఒకరి మనసు ఆగకపోయినా మిగిలిన నలుగురు కొననివ్వరు.

నీ ఉత్తరాన్ని వాళ్ళ ముందే చదివాను. ముందు చూసుకొని చదవవలసింది. కూర చప్పగా ఉందన్నదాకా ఆపకుండా చదివాను, ఆపితే ఏమని ఆపాలో తెలియలేదు. చదివిన తరువాత తారాబాయి తనలో తాను మరాఠీలో ఏదో గొణుక్కుంది. చివరికి సత్తవ్వ మీ పెద్దవ్వను అడిగింది, "అయితె మనం మెషిన్లమా, దేవవ్వా?"

గంగుబాయి అన్నది, "మెషినైతె వేళ్ళు నొప్పులు వుట్టకపోతుండె. మంచిగనే ఉంటుండె."

మీ పెద్దవ్వ నిన్ను తప్పుపట్టలేదు. కానీ మీ అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ తోట తిరిగి ఇప్పించగలిగితే ఇప్పించు. మీ కంపెనీ ఇచ్చిన గడువు ఆగస్టు పది. ఆ తరువాత చెరిపేస్తారట.

వాన పడ్డది. దుకాణంలో తీరిక లేదు.

ఇట్లు,
పెద్దబాపు

* * *

హైదరాబాద్,
8 జులై 2025

పెద్దబాపూ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు చింపాను. నేను మెచ్చుకోలు తెచ్చుకున్నది పెద్దవ్వ తోటను పట్టుకొని. ఆ మాట ఆఫీసులో ఇంకా ఎవరికీ చెప్పలేదు. పెద్దవ్వ నా ఫోన్ కూడా ఎత్తడం లేదు. అమ్మ కంఠేశ్వర్ నుంచి చేస్తే త్రివేణి ఎత్తి, పని మీద ఉన్నదని పెట్టేసిందట.

తాళం తీయించడానికి అడిగాను. నేరుగా తీసే అధికారం నాకు లేదు. అందుకని నాకు చేతనైంది చేశాను. మేము పరీక్షకు వాడే ఖాతా ఒకటి ఇప్పించుకున్నాను. దాని వివరాలు ఈ కాగితం వెనక రాశాను, త్రివేణికి ఇవ్వండి, తెరిచి ఇస్తుంది. అందులో అన్నీ ఉన్నాయి. పెద్ద తోట, రెండంతస్తుల మేడ, చెరుకు మిల్లు, గుర్రబ్బండి. రత్నాలు ఎన్ని వాడినా అయిపోవు. చెరుకు నాటిన వెంటనే పండుతుంది. ఇక ఎవరూ ఎదురుచూడనక్కరలేదు, ఏ బటనూ మోసం చేయదు. ఐదుగురూ హాయిగా ఆడుకోవచ్చు.

కోపం తగ్గిందని ఒక్క ముక్క రాయండి.

వినీత

* * *

బోధన్,
19 జులై 2025

వినీతకు,

నువ్వు పంపిన దాన్ని త్రివేణి తెరిచింది. ఐదుగురూ చూశారు. మేడ చూసి తారాబాయి బాగుందన్నది. సత్తవ్వ ఒకచోట చెరుకు నాటింది, వేలు తీసేలోపలే పండింది. కోసింది. మళ్ళీ నాటింది, మళ్ళీ పండింది. ఫోను తన దాకా రాకముందే గంగుబాయి ఇక చాలని చెప్పింది.

మీ పెద్దవ్వ ఫోను తీసుకొని కొంచెంసేపు అటూ ఇటూ జరిపి చూసి, "గిది ఎవలదో పెండ్లి మండపం. మనం పిలువని పేరంటాలం" అన్నది. ఫోను నాకు ఇచ్చింది. తరువాత నాతో వేరుగా ఇంకో మాట అన్నది. మనం గట్టిగా అడిగితే పోరికి ఆఫీసులో పరువు పోతుందని, మన నోరు మూయడానికి పంపిందని. అట్లా కాదని చెప్పాను. చెప్పినంత గట్టిగా నమ్మించలేకపోయాను. నా మాటలు నీకు తెలిసినవే.

వాళ్ళకు చెరుకు త్వరగా పండనందుకు కోపం లేదు, తెలుసుకో. ఎదురుచూడనీయకుండా మధ్యలో వచ్చి రత్నాలు కొనమన్నందుకు కోపం. పాత తోటను ఉన్నదున్నట్టే ఇప్పించు. వంకర మడి కూడా అట్లాగే ఉండాలట. అది త్రివేణి అత్తగారింటికి వచ్చిన కొత్తలో మొదటిసారి నాటిందట.

పొద్దు గడవడం లేదు వాళ్ళకు. వేళ అయ్యేసరికి ఒకరి చేయి ఫోను కోసం ఎడమపక్కకు సాగుతుంది, ఏమీ లేక వెనక్కి వస్తుంది. నిన్న ఇద్దరు దారపు ఉండ కోసం తగువు పడ్డారు. ఇన్నేళ్ళలో అటువంటిది లేదు. నాకు కూడా దుకాణం నుంచి ఇంటికి రాబుద్ధి కావడం లేదు.

ఇట్లు,
పెద్దబాపు

* * *

హైదరాబాద్,
30 జులై 2025

పెద్దబాపూ, పెద్దవ్వా,

నోరు మూయడానికి పంపలేదు. ఆ మాట చదివి ఆ రోజు ఆఫీసుకు పోలేదు. మర్నాడు పోయి, తోట పాత రికార్డు అంతా తెరిచాను. ఇదివరకు అంకెలే చూశాను, ఈసారి తోటను చూశాను.

అందులో నిజంగానే ఐదుగురు ఉన్నారు. ఒకరు చెరుకును ఎప్పుడూ కుడి చివర నుంచి కోస్తారు. ఒకరు నీళ్ళు సరిపోయాక కూడా ఇంకోసారి పోస్తారు. ఒకరు ఏది నొక్కాలన్నా చాలాసేపు ఆగుతారు, తప్పు నొక్కుతానేమోనని భయం కావచ్చు. ఒకరు పని అయ్యాక, పైసా లాభం లేకున్నా, గేటు దగ్గరి కుక్కను ఒకసారి నిమిరి గాని ఫోను పక్కవాళ్ళకు ఇవ్వరు. ఐదో ఆమె, ముందువాళ్ళు వదిలేసిన పని సవరించి గాని తన పని మొదలుపెట్టదు. ఆమె ఎవరో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇదంతా మా మేనేజర్‌కు చూపించాను. మెషిన్ కాదు, మనుషులు, మా పెద్దవ్వ, వాళ్ళ తోటి వాళ్ళు అని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. అంతా ఓపికగా చూశాడు, కుక్క సంగతికి నవ్వాడు కూడా. తరువాత ఇట్లా అన్నాడు: "ఒక్క మనిషిని మెషిన్ అనుకొని పొరపాటున పట్టామంటే వదిలేయొచ్చు వినీతా. ఐదుగురు మనుషులు ఒకే ఖాతా అంటే నలుగురు కస్టమర్లు మనకు రాకుండా పోతున్నట్టు. ఇది ఇంకా కష్టం."

మనుషులని రుజువు చేస్తే ఇస్తారనుకున్నాను. రుజువు చేశాకే పోయింది.

ఒక్క దారి మిగిలింది. గడువులోపల ఫోనుకు ఒక ప్రశ్న వస్తుంది: ఈ ఖాతాను మీరొక్కరే ఆడుతున్నారా, అవును, కాదు. అవును అని నొక్కితే తోట తిరిగి వస్తుంది. ఆ తరువాత ఎవరు చూస్తారు? నెమ్మదిగా, మధ్యమధ్య ఆగి ఆడితే మళ్ళీ పట్టుబడదు, ఎట్లా ఆగాలో నేను చెప్తాను. కాదు అంటే అక్కడికక్కడే చెరిగిపోతుంది. పెద్దవ్వ నొక్కకపోతే మీరు నొక్కండి పెద్దబాపూ. అది ఉత్త బటన్. మీ కాళ్ళు మొక్కుతాను.

నాకు ఇక్కడ ఉండబుద్ధి కావడం లేదు. రాజీనామా రాసి పెట్టుకున్నాను.

వినీత

* * *

బోధన్,
11 ఆగస్టు 2025

చిరంజీవి వినీతకు,

నీ ఉత్తరం ఈసారి ముందు నేను చదువుకొని, తరువాత రేకుల కింద చదివాను. ఒక్క ముక్క కూడా వదలలేదు.

ఐదుగురి చేతుల గురించి రాసింది రెండోసారి చదవమన్నారు. మూడోసారి కూడా చదవమన్నారు. కుక్కను నిమిరేది ఎవరని మొదలైంది. త్రివేణి అనుకున్నారు, చిన్నది కాబట్టి. త్రివేణి కాదన్నది. తారాబాయి ఒట్టు పెట్టుకుంది. చివరికి సత్తవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అందరిలో పెద్దది ఆమె.

"ఏందే సత్తవ్వా, ఇంట్ల కుక్కనైతె కట్టె వట్టి కొడ్తవు గదా" అన్నది గంగుబాయి.

"గది బువ్వ అడుగుతది. గిది అడగది" అన్నది సత్తవ్వ.

చాలా రోజుల తరువాత అక్కడ నవ్వు విన్నాను.

ప్రశ్న ఆదివారం వచ్చింది, గడువు రోజునే. మీ పెద్దవ్వ నల్లా దగ్గర ఉన్నది, ఫోను నా చేతిలో ఉన్నది. నువ్వు రాసినట్టు అవును అని నొక్కితే ఒక క్షణంలో అయిపోయేది. నొక్కుదామనే అనుకున్నాను. మీ పెద్దవ్వ బిందెతో లోపలికి వచ్చి నా ముఖం చూసింది. ఫోను అడగలేదు. బిందె దించి, అందరినీ పిలువమన్నది.

వాళ్ళలో వాళ్ళకు కుదరలేదు. గంగుబాయి అవును నొక్కాలన్నది. "కార్ఖానల అడుగుతె ఇంట్ల ఒక్కదాన్నే సుడుతున్న అని చెప్పలేదా? కోడలు సుట్టినయి గూడ నా పేరు మీద రాయలేదా? గా అబద్ధానికి లేని దోషం గీ బటన్‌కు వచ్చిందా?" అని అడిగింది. ఆమె మాటలో తప్పు లేదు. తారాబాయి కూడా అటే మొగ్గింది. త్రివేణి ఎటూ చెప్పలేదు, తన వంకర మడి పోతుందని కళ్ళలో నీళ్ళు.

మీ పెద్దవ్వ గంగుబాయి వైపు తిరిగి అన్నది, "కార్ఖానల జెప్పింది కడుపు కోసం జెప్పినం. గిది ఆట. ఆటల గూడ నిన్ను లేదని చెప్పుమంటవా, గంగూ?"

గంగుబాయి చాట సర్దుకొని కూర్చున్నది.

నీకు ఆమె చెప్పమన్న మాటలు రెండు. కోపం ఆ రోజే పోయింది, ఐదుగురిని పోల్చుకున్నావని విన్నరోజు. రెండోది, రాజీనామా చింపెయ్యమన్నది. "పోరి కొలువు ఇడిస్తె మా తోట వస్తదా? వస్తదంటె ఇడువుమను. రాకుంటె ఆడనే ఉండి, కుక్కను నిమిరేటోళ్ళను జర సూసి పట్టుమను." నేను చేర్చేది ఏమీ లేదు. నీ ఇష్టం. ఇంటికి వస్తే మాత్రం నాలుగు రోజులు ఉండేట్టు రా.

తరువాత జరిగింది రాసి ముగిస్తాను. ఫోను ముందు సత్తవ్వకు ఇచ్చారు. వంకర వేలితో ఆమె కాదు అన్నచోట నొక్కింది. తోట ఒకసారి కనిపించి పోయింది, తెర తెల్లగా అయింది. అక్కడితో అయిపోయినట్టే. కానీ సత్తవ్వ ఫోను కింద పెట్టలేదు, కుడిపక్కకు అందించింది. తారాబాయి ఆ తెల్లటి తెర మీద అదే చోట నొక్కి త్రివేణికి ఇచ్చింది. త్రివేణి కొంచెంసేపు ఆగి నొక్కింది. మీ పెద్దవ్వ నొక్కింది. గంగుబాయి చేతులు తంబాకుతో ఉన్నాయి. చీరకు తుడుచుకొని, ఫోను తీసుకొని, అందరికంటే గట్టిగా నొక్కింది. ఆమె చాటలోని ఆకు అంతసేపూ ఎడమ పక్కన కూర్చున్న మీ పెద్దవ్వ చుడుతూనే ఉన్నది.

ఇట్లు,
మీ పెద్దబాపు ముత్తన్న